తర్వాతివాడికి ఏం కావాలి

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఫోర్‌మన్ తమ్ముడు. సొంత తమ్ముడు కాదు. మా ఆయన పనిచేసే సైట్లో అతను ఫోర్‌మన్, జగిత్యాల వైపు మనిషి, మా శుక్రవారం ప్రార్థన సహవాసంలో డోలక్ వాయించేవాడు. ఈ అరబ్బు దేశంలో, హూరాలో ఉన్న మా ఫ్లాటుకు ఎప్పుడొచ్చినా బూట్లు మెట్ల దగ్గరే విప్పి లోపలికి వచ్చేవాడు. ఆ రోజు బూట్లతోనే గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో మా ఆయన అన్నం క్యారేజీ ఉంది. పట్టుకుంటే బరువుగానే ఉంది, మూత తియ్యలేదు.

"ఏంటి తమ్ముడూ, డ్యూటీ టైములో వచ్చావు?"

"అక్కా, నువ్వు ముందుగాల కూసో."

"ఆయనేరి?"

"దవఖాన్ల ఉన్నడు. పానానికి ఏం కాలేదన్నరు డాక్టర్లు. గని అక్కా, మాట వస్తలేదు."

ప్రాణం ఉందన్నాడు కదా, ముందు దానికి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. మాట సంగతి ఆ గడియలో చిన్నదిగానే తోచింది. బతికి ఉంటే మాటెక్కడికి పోతుంది అనుకున్నాను.

మా ఆయన ప్రాజెక్టు మేనేజరు. మాల్స్‌లో ఖాళీగా ఉన్న గదుల్ని దుకాణాలుగా తయారుచేసి ఇచ్చే కంపెనీ వాళ్లది. పెళ్లైన కొత్తలో ఆ ఉద్యోగమంటే ఏమిటో నాకు తెలిసేది కాదు. నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేది, అందుకని మా అమ్మ ఇంట్లోనే చాటలో బియ్యం పోసి అక్షరాలు దిద్దించింది, దేవుని వాక్యం చదివించింది, నా చదువంతా అదే. దానికే నేను చాలా రుణపడి ఉన్నాను. తెలియనిది అడగడానికి సిగ్గెందుకని ఆయన్నే అడిగాను.

"గోడలు కడతారా మీరు?"

"ఊహూఁ."

"రంగులేస్తారా? వైర్లు లాగుతారా?"

"అవేమీ రావే నాకు."

"మరి జీతం ఎందుకిస్తున్నారు?"

"మాట్లాడినందుకు" అన్నారు. ఎగతాళి చేస్తున్నారనుకున్నాను. చాలా ఏళ్లకు గానీ తెలియలేదు, అది నిజమేనని.

ఆయనకొక పద్ధతి ఉండేది. రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు అందర్నీ గుండ్రంగా నిలబెట్టేవారు. సీలింగు పనివాళ్లు, పెయింటర్లు, కరెంటు వాళ్లు, టైల్స్ వాళ్లు. ఏ దేశం వాళ్లైనా అందులో ఉంటారు. ఎవరూ తన పని గురించి చెప్పకూడదు. తన తర్వాత వచ్చేవాడికి ఏం కావాలో చెప్పాలి. సీలింగు మనిషి పెయింటర్‌కి ఏం కావాలో చెప్పాలి, పెయింటర్ కరెంటు మనిషికి ఏం కావాలో చెప్పాలి. ఒకడు చెప్పి ఆపగానే ఆయన పక్కవాడి వైపు చూసి, "తర్వాత?" అనేవారు. తెలుగులోనే. బెంగాలీకైనా పఠాన్‌కైనా అదే మాట. సైటంతా ఆ మాట నేర్చుకుంది. పనివాళ్లుండే క్యాంపులో అన్నం వడ్డించేటప్పుడు కూడా గిన్నె చాచి "తర్వాత?" అంటారని ఫోర్‌మన్ తమ్ముడు చెప్పి నవ్వించేవాడు.

"సొంత పని అడిగితే ప్రతివాడూ గొప్పలు చెబుతాడు" అనేవారు మా ఆయన, అన్నం కలుపుకుంటూ. "పక్కవాడి పని అడిగితే ఆలోచిస్తాడు. అంతే తేడా."

ఈ జబ్బు రావడానికి కొంతకాలం ముందే కంపెనీలో కొత్త కంప్యూటర్ సిస్టం పెట్టారు. ఏ పని ఏ రోజు మొదలవ్వాలి, ఎంతమంది కావాలి, సామాన్ ఎప్పుడు రావాలి, ఆలస్యమైతే ఏది వెనక్కి జరపాలి, అన్నీ అదే తేల్చి చెబుతుంది. అంతకుముందు ఈ లెక్కల కోసం ఆయన సెలవు రోజు కూడా తల వంచుకుని కూర్చునేవారు. దాన్ని నేర్పడానికి ఆఫీసులో క్లాసు పెట్టారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన ముఖంలో భయం కనబడుతుందేమోనని చూశాను. కనబడలేదు.

"ఏం చెప్పారు?"

"ఇక మీదట తేదీలూ చార్టులూ మనిషికి అక్కర్లేదంట. మిషనే చూసుకుంటుందంట. మేనేజరన్నవాడు వినడం నేర్చుకోవాలి, తగువులు తీర్చాలి, యజమానికి కాదని చెప్పే ధైర్యం ఉండాలి, పనివాడి మనసు తెలియాలి. అవి వచ్చినవాడే రేపు మిగులుతాడంట."

"అవి మీకు ముందునుంచీ వచ్చుగా?"

"అదేనే నేననేది" అని పిల్లాడిలా నవ్వారు. "ఇన్నాళ్లూ నేను పాత మనిషిననుకున్నాను. చూడబోతే రేపటి మనిషినే."

ఆ శుక్రవారం సహవాసంలో లేచి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం కూడా చెప్పారు. నా చేతిలో ఉన్నది నోరొక్కటే, దేవుడు దానికి రేపు కూడా పని ఉంచాడు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పక్కనే కూర్చున్నాను. ఆ నోరు ఇక ఎన్నో రోజులు ఉండదని మాలో ఎవరికి తెలుసు.

పొద్దుటి మీటింగులోనే జరిగింది. "తర్వాత అన్నడు అక్కా, గంతే. ఆ మాట అనుకుంటనే కూలవడ్డడు" అని ఫోర్‌మన్ తమ్ముడు తర్వాత చెప్పాడు. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు. కుడి చెయ్యి కొంచెం బలహీనపడింది, నడక నెమ్మదించింది. తెలివి చెక్కుచెదరలేదు. నేను చెప్పేదంతా అర్థమయ్యేది. బదులు చెప్పబోతే మాత్రం ఒకే ఒక్క మాట వచ్చేది. "తర్వాత."

నీళ్లు కావాలన్నా తర్వాత. కిటికీ మూయమన్నా తర్వాత. నన్ను పిలిచినా తర్వాత. మొదట్లో తప్పు మాట వచ్చిందని ఆయనకే తెలిసి నుదురు కొట్టుకునేవారు. పోను పోను నేను ఆ ఒక్క మాటలోనే రాగాన్ని బట్టి పోల్చుకోవడం నేర్చుకున్నాను. ఏ మాటా లేకుండా పోయినవాళ్లను ఆసుపత్రిలో చూశాను. ఒక్కటైనా మిగిల్చినందుకు దేవుణ్ణి స్తుతించాను.

కంపెనీ మేనేజరు గారు ఖర్జూరాల పెట్టె పట్టుకుని ఇంటికొచ్చారు. ఈ దేశపు మనిషి, మర్యాదస్తుడు. ఆయన అరబ్బీ కలిసిన హిందీలో మాట్లాడితే ఫోర్‌మన్ తమ్ముడు నాకు తెలుగులో చెప్పాడు.

"తేదీల సంగతి, కాయితాల సంగతి మొత్తం సిస్టం జూస్కుంటదట అక్కా. సార్ చెయ్యి పన్జేయకున్నా ఏం ఫికర్ లేదంటున్నడు. పొద్దుగాల మనుషుల ముంగట నిలవడి మాట్లాడాలె. గదొక్కటే కావాలట."

"అదొక్కటేగా తమ్ముడూ లేనిది" అన్నాను.

తమ్ముడు ఆ మాట మేనేజరు గారికి చెప్పలేదు. తల వంచుకున్నాడు. సెలవు పూర్తయ్యేదాకా చూస్తానన్నారు మేనేజరు గారు. ఆలోపు మాట వస్తే ఉద్యోగం ఉంటుంది. రాకపోతే వీసా రద్దు చేయక తప్పదు. వీసా పోతే మాట నేర్పిస్తున్న ఆసుపత్రీ, మా సహవాసమూ, సగం వయసు గడిపిన ఈ చోటూ, అన్నీ చేజారిపోతాయి. అంతకంటే నన్ను బాధపెట్టింది వేరు. ఆ ఖర్జూరాల పెట్టె పక్కన కూర్చుని మా ఆయన అంతా విన్నారు. రేపటి మనిషి కావడానికి ఏం కావాలో ఇంకోసారి విన్నారు.

ఆ రోజుల్లో ఫోర్‌మన్ తమ్ముడు సెలవు దొరికిన ప్రతిసారీ వచ్చేవాడు. మమ్మల్ని కారులో బుదైయా వైపు తోటలకు తీసుకెళ్లేవాడు. పచ్చదనం చూస్తే సార్‌కి మాట పుడుతుందని అతని నమ్మకం. అక్కడ ఆకుకూరలు అమ్మే మనిషి దగ్గర మెంతి కట్ట ఎత్తి చూపించాడు.

"సార్, గిదేంది?"

"తర్వాత" అన్నారు మా ఆయన.

పుదీనా ఎత్తాడు. "గిది?"

"తర్వాత."

"ఏంది సార్, దుకాణం మొత్తం తర్వాతనేనా? అమ్మేటోడు మనల్ని పిచ్చోళ్లనుకుంటడు." మా ఆయన భుజాలు కదిలేలా నవ్వారు. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు. ఆ నవ్వు తెప్పించినవాణ్ణి నేనెలా మరిచిపోతాను?

సెలవు ముగుస్తుందనగా ఒక శుక్రవారం అది జరిగింది. ప్రసంగం అయ్యాక అందరం నిలబడి ప్రభువు నేర్పిన ప్రార్థన చెబుతున్నాం. నా పక్కన ఇంకో గొంతు వినిపించింది. బొంగురుగా, కానీ తప్పు లేకుండా, మొదటి మాట నుంచి చివరి దాకా. కళ్లు తెరిచి చూశాను. మా ఆయనే. మా పాస్టరు అయ్యగారు వేదిక దిగి వచ్చి, "బ్రదర్, ఇంకోసారి మీరొక్కరే" అన్నారు. ఆయన కళ్లు మూసుకుని ఒక్కరే చెప్పారు. హాలంతా ఏడ్చింది. ఫోర్‌మన్ తమ్ముడు డోలక్ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు.

మా సహవాసంలో ఒక అలవాటుంది. అడిగింది అందితే ఆ సాక్ష్యం ఆ రోజే చెప్పాలి. వచ్చే వారానికి దాచుకోకూడదు. పొద్దు గూకేలోపు పది నోళ్లకైనా చేరాలి. అందుకని ఆ రోజే ఫోన్ల మీద ఫోన్లు వెళ్లాయి, ఫలానా బ్రదర్‌కి మాట వచ్చిందని. ఫోర్‌మన్ తమ్ముడు తన వంతుగా మేనేజరు గారికి చేశాడు. సాయంత్రం రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"అక్కా, చెప్పిన. మేనేజర్ సారు మస్తు ఖుష్ అయిండు. ఆదివారం పొద్దుగాల తీస్కరమ్మన్నడు. నౌకరి యాడికి పోదిగ."

అప్పటికి మా ఆయన సోఫాలో కూర్చుని నన్ను మంచినీళ్లడుగుతున్నారు. "తర్వాత" అంటున్నారు. తమ్ముడు విన్నాడు, నేనూ విన్నాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"మెల్లమెల్లగ వస్తదక్కా" అన్నాడు. "నల్లా విప్పంగనే ధార రాదు గదా, గాలి వచ్చినంక నీళ్లొస్తయ్."

నాకూ అలాగే అనిపించింది. అంత పెద్ద ప్రార్థన చెప్పిన నోటికి గుడ్ మార్నింగ్ చెప్పడమెంతసేపు?

ఆదివారం పొద్దున సీఫ్‌లో మాల్ తలుపులు తెరవకముందే వెళ్లాం. ఆయన నడకకు ఆసరాగా నేనూ లోపలికి వచ్చాను. నాకొక హెల్మెట్ ఇచ్చారు, అది కళ్లమీదికి జారుతూ ఉంది. దుకాణం ఇంకా దుకాణం కాలేదు. పైన సగం సీలింగు, కింద అట్టలు పరిచిన నేల. పనివాళ్లంతా గుండ్రంగా నిలబడ్డారు. ఆయన కనబడగానే ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఆయన ఎడమ చెయ్యే ఇచ్చారు. మేనేజరు గారు పెద్ద తెర మీద సిస్టం వేసిన ఆ రోజు పనులు రంగు రంగుల గీతల్లో చూపించి, పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చారు.

ఆయన నోరు తెరిచారు. ఏమీ రాలేదు. మళ్లీ తెరిచారు. మెడ మీద నరం ఉబ్బింది. నేను మనసులో ఒక్క మాట, ఒక్క మాట అని ప్రాధేయపడుతున్నాను. ఫోర్‌మన్ తమ్ముడి పెదవులు ఆయనకు అందిస్తున్నట్టు కదులుతున్నాయి.

అప్పుడాయన కళ్లు మూసుకుని ఆ ప్రార్థన మొదలుపెట్టారు.

పనివాళ్లకు తెలుగు రాదు. కానీ ప్రార్థనంటే తెలియనిదెవరికి? పఠాన్ మేస్త్రీ అరచేతులు ఎత్తాడు. నేపాలీ కుర్రాళ్లు హెల్మెట్లు తీసి పట్టుకున్నారు. ఆయన చివరిదాకా చెప్పి ఆగారు. ఆయన కళ్లు తెరిచి, గుండ్రంగా నిలబడ్డ వాళ్లందర్నీ ఒకసారి చూసి, సీలింగు మేస్త్రీ దగ్గర ఆగి, "తర్వాత?" అన్నారు.

సీలింగు మేస్త్రీ పెద్దవాడు, బెంగాలీ. గొంతు సవరించుకున్నాడు. అతను హిందీలో చెబుతుంటే తమ్ముడు నా చెవిలో తెలుగు చేశాడు. "పెయింటర్‌కి జాయింట్లు ఆరాలి సాబ్. ఇవాళ ముట్టుకుంటే పగుళ్లొస్తాయి. రేపు రమ్మనండి."

"నిన్న కూడా ఇదే పాట పాడాడు" అన్నాడు పెయింటర్.

"నిన్న నువ్వు నా నిచ్చెన ఎత్తుకుపోయావు గనక."

అందరూ నవ్వారు. మా ఆయన పెయింటర్ వైపు తిరిగారు. "తర్వాత?"

"కరెంటు భాయ్‌కి ఈ గోడ ఖాళీగా కావాలి. నా డబ్బాలు నేనే తీసేస్తాను."

"తర్వాత?"

అలా మనిషి నుంచి మనిషికి వెళ్లింది. తెర మీద గీతలు పెయింటింగ్ ఇవాళే అంటున్నాయి. మేనేజరు గారు వెళ్లి తన చేత్తో ఆ గీతను రేపటికి జరిపారు. మీటింగు బాగా జరిగింది. నేను హెల్మెట్ వెనక్కి నెట్టుకుని, దేవా, సరిపోయింది, ఈ ఒక్క మాటే సరిపోయింది అనుకున్నాను. మా ఆయన నావైపు చూశారు. ఆయనా అదే అనుకుంటున్నారని నాకు తెలుసు.

పని మొదలయ్యాక మేనేజరు గారు ఫోర్‌మన్ తమ్ముణ్ణి పక్కకు పిలిచి మాట్లాడారు. తమ్ముడు అడ్డంగా తలూపాడు. మళ్లీ ఊపాడు. మేనేజరు గారు అతని భుజం తట్టి, ఇక అయిపోయిందన్నట్టు "ఖలాస్" అన్నారు. ఆ మాట నాకు ఎవరూ తర్జుమా చేయనక్కర్లేదు. అయినా తమ్ముడే రావాల్సి వచ్చింది. మాకు, వాళ్లకు మధ్య మాట మోసేవాడు అతనే కదా.

"అక్కా," అన్నాడు, నేలమీది అట్టల్ని చూస్తూ. "సార్‌కి మాట రాలేదని మేనేజర్ సారుకు సమజైంది. ఈ మనుషులకు సార్ అంతా నేర్పే పెట్టిండు, ఇగ ఎవ్వలు నిలవడ్డా నడుస్తదంటున్నడు." బూటుతో ఒక అట్ట అంచు సరిచేశాడు. "నన్ను నిలవడుమంటున్నడు."

మా ఆయన అతని పక్కనే ఉన్నారు, అంతా విన్నారు. ఎడమ చేత్తో తన హెల్మెట్ తీసి తమ్ముడికి ఇచ్చారు. తమ్ముడు తీసుకోలేదు. అది వాళ్లిద్దరి మధ్యా కాసేపు అలాగే ఉండిపోతే, నేనే అందుకున్నాను.

తర్వాతి వారం ఆసుపత్రిలో మాట నేర్పించే మలయాళీ అమ్మాయి నాకు విడమర్చి చెప్పింది. ఏళ్ల తరబడి నోటికి అలవాటైన ప్రార్థనా పాటా తలలో ఒక చోట ఉంటాయట. కొత్తగా మాట కూర్చుకునే చోటు వేరట. ఆయనకు దెబ్బ తగిలింది ఆ రెండో చోట. మేమంతా స్వస్థత అనుకున్నది స్వస్థత కాదు. తెలిసి ఏడ్చాను. కానీ ఆ శుక్రవారం చెల్లించిన స్తోత్రాన్ని నేను వెనక్కి తీసుకోలేదు. అన్నీ పోయిన చోట దేవుడు తన ప్రార్థన ఒక్కటీ పోకుండా ఉంచాడు. అది తక్కువేం కాదు.

కంపెనీ వాళ్లు ఇవ్వాల్సినవన్నీ లోటు లేకుండా ఇచ్చారు. వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. సామాను సర్దుకుంటున్నాం. ఊరికి వెళ్లాక కూడా మాట నేర్పేవాళ్లు దొరుకుతారనే అంటున్నారు. చూడాలి.

ఫోర్‌మన్ తమ్ముడు మాత్రం ఆ ఆదివారం నుంచి సహవాసానికి రావడం మానేశాడు. డోలక్ మూలన గుడ్డ కప్పి ఉంది. తానే తొందరపడి ఫోన్ చేసి సార్‌ని అంతమంది ముందు నిలబెట్టానని, ఆఖరికి సార్ చోటే తాను తీసుకున్నానని కుమిలిపోతున్నాడని అయ్యగారు చెప్పారు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఒక శనివారం తలుపు తీస్తే గుమ్మం ముందు సంచి కనబడింది, మెంతి కట్టలూ పుదీనా. ఎవరూ లేరు. మెట్ల మీద బూట్ల చప్పుడు కిందికి దిగిపోతోంది. "తమ్ముడూ" అని పిలిచాను. ఆగలేదు. వెనక నుంచి మా ఆయన సంచిలోకి తొంగి చూశారు. ఒక మెంతి కట్ట ఎత్తి పట్టుకుని, నవ్వడానికి ప్రయత్నిస్తూ, "తర్వాత" అన్నారు. అది విని నవ్వాల్సినవాడు అప్పటికి వీధిలోకి వెళ్లిపోయాడు.

పొద్దుటి మీటింగులు బాగా నడుపుతున్నాడని విన్నాను. అచ్చం మా ఆయనలాగే ఒకరి తర్వాత ఒకరి వైపు తిరిగి అదే మాట అడుగుతాడట. మా ఆయన పని పోయింది గానీ ఆ పద్ధతి పోలేదు. అందుకైనా అతనికి నేను రుణపడి ఉన్నాను, ఆ సంగతి అతనికి చెప్పే వీలే ఇవ్వడం లేదు.

ఇది చదివేవాళ్లను మా ఆయన కోసం నేనేమీ అడగను. ఆయనకు నేనున్నాను. నేను అడిగేది ఒక్కటే. ప్రార్థన అలవాటున్నవాళ్లు ప్రార్థనలో, లేనివాళ్లు ఊరికే మనసులో, మా ఫోర్‌మన్ తమ్ముణ్ణి ఒకసారి తలుచుకోండి. సంతోషం పట్టలేక ఒక మంచి కబురు చెప్పాడు, అంతే. వేరే తప్పేం చేయలేదు.